లిండా పెట్టిన నీళ్ళు

నలభై ఏళ్ళుగా ఈ మాటను గొంతులోనే అదిమిపెట్టుకుని బతికాను. మా ఆయనకు చెప్పలేదు. ఆయన పోయారు, ఇక చెప్పే వీలూ లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో మేం అరిజోనాలో, టూసాన్ ఊరి అంచున ఉండేవాళ్ళం. మా మరిది రవి అక్కడి యూనివర్సిటీలో చదువుతూ మా ఇంట్లోనే ఉండేవాడు. ఎడారిలో ఒక చిన్న పామును పట్టుకొచ్చి, తన గదిలో అద్దాల పెట్టెలో ఇసుక పోసి పెంచాడు. పెన్సిలంత లావు, జానెడు పొడవు. నారింజ రంగు ఒంటి మీద నల్లటి పట్టీలు. విషం లేనిది. పగలంతా ఇసుకలో దూరి ఉండేది. మొదట్లో నేనా గది గడప తొక్కలేదు.

అప్పటికే నాకు మూడుసార్లు కడుపు పోయింది. డాక్టర్లు ఏ లోపమూ లేదన్నారు. లోపం లేకపోతే ఎందుకు నిలవదు? నాగదోషమని ఇండియాలో మా ఇంటి దగ్గర ఎవరో జాతకం చూసి చెప్పారట, నాగులచవితికి పుట్టలో పాలు పోయమన్నారట. టూసాన్‌లో పుట్టను ఎక్కడ వెతకను? పుట్ట లేకపోతేనేం, పామే ఇంట్లో ఉంది కదా అనిపించింది. నవ్వకండి. నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివినదాన్ని. పాము పాలు తాగదని నాకు తెలుసు. దాహంతో మాడిస్తే ఏదైనా తాగుతుందనీ తెలుసు. పండగ ముందు పాములవాళ్ళు అలాగే చేస్తారని చిన్నప్పుడు విన్నాను.

దీపావళికి ముందే రవి ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్ళాడు. పామును లిండాకు అప్పగించాడు. లిండా అతనితో చదువుకునే అమ్మాయి. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నారని నాకొక్కదానికే చెప్పారు. ఆమె రోజూ సాయంత్రం వచ్చి, గిన్నెలో నీళ్ళు పోసి, రవిలాగే నన్ను 'వదినా' అని పలకరించి వెళ్ళేది. ఆమె కారు వీధి మలుపు తిరగగానే నేను వెళ్ళి ఆ నీళ్ళు వంపేసేదాన్ని. మర్నాటికి గిన్నె ఎండి ఉంటే, ఎడారి గాలికి ఆరిపోయాయనుకునేది. చవితి దాకా అలాగే చేశాను.

చవితి పొద్దున తలస్నానం చేసి, తడి చీరతోనే ఆ గదిలోకి వెళ్ళాను. నువ్వుల చిమ్మిలి నైవేద్యం పెట్టి, గిన్నెలో పాలు పోశాను. అది కదల్లేదు. తాగదేమోనన్న భయంతో నాకు మతి పోయింది. మొదటిసారి దాన్ని చేత్తో పట్టుకుని, తల పాలలో ముంచాను. తాగిందో, ఊపిరాడక నోరు తెరిచిందో ఇప్పటికీ తెలియదు. తాగిందనే అనుకుని, బిడ్డనివ్వమని ఏడుస్తూ దండం పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి చచ్చిపోయింది.

గిన్నె కడిగి, తుడిచి, ఖాళీగా పెట్టేశాను. ఎందుకు నీళ్ళతో నింపలేదు? కంగారులో తోచలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తప్పు లిండా మీదకు పోవాలనే కదా?

ఆ సాయంత్రమే రవి తిరిగొచ్చాడు. లిండా కూడా అతనితోనే వచ్చింది. ఎండిపోయిన గిన్నె చూసి, నీళ్ళు కూడా పెట్టలేదా అని అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది.

"వదినా, ప్లీజ్ టెల్ హిమ్. యు సా మీ, ఎవ్రీ డే."

"నేను చూళ్ళేదు రవీ. కిచెన్‌లో ఉంటాను కదా."

తెలుగులో అన్నాను, ఆ అమ్మాయికి అర్థం కాకుండా. రవి ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. చిన్న ప్రాణిని ఎండగట్టి చంపి పైగా అబద్ధమాడిందని రవి ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఆ తర్వాత పెళ్ళే చేసుకోలేదు.

రెండు నెలలకు నాకు నెల తప్పింది. ఈసారి నిలిచింది. కూతురు పుట్టింది. ఆ పాలవల్ల పుట్టిందని నేను నమ్మను. నమ్మనని దేవుడి ముందు నిలబడి చెప్పే ధైర్యమూ లేదు. పిల్లకు జ్వరం వచ్చినప్పుడల్లా నా పాపమేనని వణికిపోయాను. రవి దాన్ని భుజాన వేసుకుని జోకొడుతుంటే అతని ముఖంలోకి చూడలేకపోయేదాన్ని.

లిండా నీళ్ళు పెట్టింది. రోజూ పెట్టింది. నేను చూశాను. ఈ మూడు ముక్కలు రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.

క్షమించమని మాత్రం అడగను. అడిగితే, మళ్ళీ అలా చేయనని మాట ఇవ్వాలి కదా. ఒడి ఖాళీగా ఉన్న ఆ ఏడాదిలో నన్ను మళ్ళీ నిలబెడితే, చేయనని చెప్పలేను.