పుట్టింటికి వెళ్లిన పెద్దకోడలు

ఈ పొద్దున నాన్న టీవీ తెర తుడుస్తుంటే గుడ్డకు నల్లటి నుసి అంటింది. కిటికీలన్నీ వేసి ఉంచినా, స్టీలు ప్లాంటు పక్కనున్న మా గాజువాకలో అది ఎలాగో లోపలికి వచ్చేస్తుంది. పది గంటలకు పాత సీరియళ్ల ఛానల్‌లో ఆయన సీరియల్... అందుకే ఆ హడావిడి. నెల రోజులుగా ఇదే వరస.

మా చిన్నప్పుడు ఈ సీరియల్ రోజూ రాత్రి తొమ్మిదింటికి వచ్చేది. నాన్న ఒక్కనాడూ చూడలేదు. స్టీలు ప్లాంటులో కొలిమి దగ్గర పని ఆయనది. పొద్దుటి షిఫ్టు వారమైతే ఆ వేళకు నిద్రపోవాలి. మధ్యాహ్నం షిఫ్టు వారం ఇంకా ప్లాంటులోనే ఉండేవారు. రాత్రి షిఫ్టు వారం బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండేవారు...

చూసేది అమ్మా, నేనూ, పక్క వాటాలో ఉండే నూకాలత్తా. మర్నాడు నాన్న అన్నానికి కూర్చున్నాక అమ్మ పీట వాల్చుకుని, విసనకర్రతో ఆయనకు విసురుతూ, రాత్రి జరిగిందంతా చెప్పేది. అత్తగారికి ఒక గొంతు, కోడళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు. కాన్వెంటులో సిస్టర్ అడిగినా నోరు విప్పని నేను, గుమ్మం దగ్గర పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆమెనే చూస్తుండేదాన్ని.

ఆ సీరియల్‌లో నాన్నకు నచ్చిన మనిషి పెద్దకోడలు. ఆవిడ గురించి విన్నప్పుడల్లా "ఆ పిల్ల మంచిదే" అనేవారు, పక్కింటి అమ్మాయి అన్నట్టు.

ఒక రాత్రి ఆ పెద్దకోడలు చనిపోయింది. నూకాలత్త కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు నాకు బడి లేదు. నాన్న పప్పులో నెయ్యి కలుపుకుంటూ "ఏమైందే కథ?" అన్నారు.

"పెద్దకోడలు పుట్టింటికి వెళ్లిందండీ. వాళ్లమ్మకి ఒంట్లో బాలేదుట" అంది అమ్మ... గొంతులో కొంచెం కూడా తేడా లేకుండా.

నేను పుస్తకంలోంచి తల ఎత్తాను. అమ్మ నావైపు చూడలేదు.

నాన్న ఒంటిగంట బస్సుకు వెళ్లారో లేదో నూకాలత్త వచ్చి వసారాలో చతికిలబడింది. గోడ అవతలి నుంచి అంతా విన్నట్టుంది.

"ఏటి సెల్లీ, రేత్రి సచ్చిపోనాదాన్ని పుట్టింటికంపేసినావు! పాడె కట్టడం నాను సూడనేదేటి?"

"నవ్వకక్కా. నిప్పుల దగ్గరికి వెళ్లే మనిషి. అన్నం ముందు చావు కబురు చెప్తే ముద్ద దిగుతుందా?"

"మరి రేపు అడిగితేనో?"

"రేపూ పుట్టింట్లోనే ఉంటుంది."

అలాగే ఉంది. నాన్న అడుగుతూనే ఉండేవారు... "ఇంకా రాలేదా ఆ పిల్ల?" అమ్మ ఒకసారి వానలన్నది, ఒకసారి తమ్ముడి పెళ్లన్నది. సీరియల్‌లో అల్లుడు తాగి వస్తే అమ్మ కథలో అతనికి జ్వరం వచ్చేది. ఇల్లు వేలానికి పోతే, రంగులు వేయిస్తున్నారు గనక అద్దెకు మారారనేది. నాన్న నమ్మి, తృప్తిగా మజ్జిగ తాగి, బస్సెక్కేవారు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నాన్న రిటైరయ్యారు. నెల కిందట ఛానళ్లు తిప్పుతూ ఈ సీరియల్ కనబడగానే "ఇదేనే మీ అమ్మ సీరియల్!" అని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మొదటిసారిగా ఆ మనుషుల ముఖాలు చూస్తున్నారు. అత్తగారు మాట్లాడితే "మీ అమ్మే బాగా చేసేది" అంటారు.

అప్పటి నుంచీ నాకు ఒకటే భయం. ఆ రోజు వస్తుంది, ఆయన చూస్తారు...

ఇవాళ పెద్దకోడలు చిలకాకుపచ్చ చీరలో కనబడగానే, ఆవిడ చనిపోయే రోజు ఇదేనని గుర్తుపట్టాను.

"నాన్నా, వార్తలు పెట్టనా?"

"ఉండమ్మా. ఇవాళో రేపో పుట్టింటికి వెళ్తుంది. మీ అమ్మ చెప్పింది."

రిమోట్ నా చేతిలోనే ఉంది. నొక్కలేకపోయాను.

ఆవిడ మెట్ల మీద పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు బయటకు వచ్చి తల అడ్డంగా ఊపాడు. నాన్న కొంచెం ముందుకు వంగారు... ఇంకా ఏదో జరుగుతుందన్నట్టు. తర్వాత పాడె కట్టారు.

ప్రకటనలు మొదలయ్యాయి. "అన్నాళ్లు అడిగాను కదే... ఒక్కసారైనా తడబడలేదు మీ అమ్మ" అన్నారు. నవ్వబోయారు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

"నేనింక చూడనులే. నువ్వు చూసి చెప్పమ్మా, అన్నం దగ్గర."

"ఉన్నదున్నట్టు చెప్పనా నాన్నా?"

"అన్నీ చెప్పక్కర్లేదు" అని లేచి స్నానానికి వెళ్లారు.

నాకు కథ చెప్పడం రాదు. నలుగురిలో ఒక్క వాక్యం చెప్పాలన్నా ముందు కాగితం మీద రాసుకుంటాను. అమ్మలా ఇంతమందికి ఇన్ని గొంతులు ఎక్కడి నుంచి తేను? కానీ రేపు అన్నం వడ్డించి ఆయన ఎదురుగా కూర్చోవాలి. పెద్దకోడలు ఇంకా పుట్టింట్లోనే ఉందని మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లం చూసుకుంటున్నాం. చూడనివాళ్లు లేరు కాబట్టి, చెప్పేవాళ్లూ లేరు... మీ ఇంట్లో ఇలా కథ చెప్పి అన్నం పెట్టినవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి. అన్నీ చదువుతాను. మాట్లాడటం కంటే నాకు అదే తేలిక.

ఈ సీరియల్ సగంలో ఉండగానే అమ్మ పోయింది. ఆ తర్వాతి భాగాలు నేనూ చూడలేదు. అక్కడి నుంచి ఏది దాచాలో నేనే చూసుకోవాలి.