గోడ మీది నవ్వు

ఎనభైలలో గుంటూరు పేటలన్నీ తిరిగి గోడబొమ్మలు చూడటం నాకో పిచ్చి. పురుగుమందు ప్రకటనలో చేతుల నిండా పత్తితో నవ్వే రైతు బొమ్మంటే మరీ ఇష్టం. ఓసారి బస్టాండులో ప్రత్తిపాడు బస్సెక్కితే, ఆ రైతే నా పక్క సీట్లో ఉన్నాడు.

"గోడల మీద బొమ్మ మీదేనా అండీ?" అన్నాను సంబరంగా.

ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

"పంట బాగుందని కంపెనీవాళ్లు ఫొటో తీసుకెళ్లారండి. మందు పేరు తర్వాత రాసుకున్నారు. నేనెప్పుడూ అది కొట్టలేదు. నా మొహం చూసి మా ఊరంతా అదే కొట్టారు. పురుగు చావలేదు, పైరు పోయింది. నేనే కంపెనీకి అమ్ముడుపోయానంటున్నారు."

బస్సు కదిలింది. కాసేపటికి తువ్వాలులోంచే అడిగాడు.

"ఆ గోడలు దాటామా అండీ?"

గుంటూరు చివరిదాకా ఏయే గోడ మీద ఆ నవ్వుందో నాకు తెలుసు.

"ఇంకా లేదండీ" అన్నాను.