జాలు బాగు చేయాలి

ఆ ఉదయం గుట్ట మీద ఉన్నవారు, ఉన్నవి: సహాయ ఇంజనీరు లింగారెడ్డి సారు; సాంకేతిక సహాయకుడిగా నేను; జేసీబీ ఒకటి, దాని డ్రైవరు శీను; నేల ఎత్తుపల్లాలు చూసే లెవెల్ యంత్రం, దాని మూడు కాళ్ల స్టాండు, కొలత కర్ర; సున్నం బస్తా; గూడెం పెద్ద జంగు పటేల్; పాల డబ్బాతో జైతుబాయి; ఆమె బర్రెలు నాలుగు; మా అడుగుల చప్పుడుకు గడ్డిలోంచి లేచి వంకర టింకరగా ఎగిరిపోయిన ఉల్లంకి పిట్టలు ఆరు. వీటన్నిటి నడుమ సుమారు మూడెకరాల తడి నేల.

అప్పటికి జిల్లాలు విడిపోయి మూడో ఏడు నడుస్తోంది. ఫిబ్రవరి నెల. నేల, నీటి సంరక్షణ పనులు చూసే ఒక ప్రాజెక్టులో నన్ను ఆసిఫాబాద్‌లో వేసి ఎనిమిది నెలలైంది. నేను నస్పూర్ బొగ్గుబావుల కాలనీలో పుట్టి పెరిగినవాణ్ణి, సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి. గడువు ముగిశాక ప్రాజెక్టును మూసేసి అందరితో పాటు నన్నూ పంపించారు. పదవీ విరమణ అనే మాట ముప్పై ఐదేళ్లవాడికి నప్పదు గానీ, నా విషయంలో పదవే విరమించింది. ఇలాంటి ఉద్యోగంలో ఏం చేస్తారని అడిగేవాళ్ల కోసం ఆ గుట్ట మీద జరిగిన ఒక్క సంగతి రాస్తున్నాను.

పని నడిచే తీరు ఇది. ఊరివాళ్లు గ్రామసభలో అర్జీ పెడతారు. ఏఈ, అంటే సహాయ ఇంజనీరు, దానికి అంచనా తయారు చేస్తారు: ఏ పని, ఎంత కొలత, ఎంత ఖర్చు. ఆయన పైన ఉండే డీఈ దాన్ని చూసి మంజూరు ఇస్తారు. ఆ తర్వాత అంచనాలో ఉన్న పనే చేయాలి. మరో పని చేస్తే బిల్లు కాదు. మార్చి ఆఖరులోగా పని మొదలుకాకపోతే మంజూరు రద్దవుతుంది, దానికి సంజాయిషీ ఇవ్వాల్సింది ఏఈ. నాలాంటి సహాయకుడు మట్టాలు చూస్తాడు, సున్నం గీత గీస్తాడు, కొలతలు రాస్తాడు.

ఈ గూడెం నుంచి వచ్చిన అర్జీ ఒక్క వాక్యం: ‘మా గుట్ట మీది జాలు బాగు చేయాలి.’

జాలు అంటే నేలలోంచి ఊరే నీరు. కరీంనగర్ వైపు కాలువల కింద వ్యవసాయం చేసేవాళ్లకు ఆ మాట మంచి మాట కాదు. కాలువ నుంచో చెరువు కట్ట నుంచో నీళ్లు ఊరి, పల్లంలోని పొలాన్ని ఏడాది పొడుగునా తడిపి పెడితే జాలు పట్టిందంటారు. నాగలి సాగదు, వేసిన పైరు వేళ్లు కుళ్ళి పోతుంది. దానికి మందు ఒకటే, లోతుగా కాలువ తీసి నీళ్లను బయటికి పంపడం. లింగారెడ్డి సారుది ధర్మపురి దగ్గర పల్లె. ఆయన ఇంటర్ చదివే రోజుల్లో వాళ్ల పొలానికి జాలు పట్టి వరసగా మూడు పంటలు పోయాయట. నాది ఇంకో అనుభవం. మా బాపు బొగ్గుబావిలో పంపు ఆపరేటరు. లోపల ఊరే నీటిని తోడకపోతే షిఫ్టు నడవదని వింటూ పెరిగాను. అందుకే అర్జీ చూడగానే మా ఇద్దరికీ ఒకే పని తోచింది. పని పేరు ‘జాలు నివారణ’, మీటరున్నర లోతు కాలువ. సారు వానాకాలం చివర ఒకసారి పైకి వెళ్లి చూసి వచ్చారు కూడా. మోకాలి లోతు బురద కనిపించింది. అనుమానించడానికి ఆయనకేమీ కనిపించలేదు.

ఆసిఫాబాద్ దాటి ఘాటు రోడ్డెక్కితే పైన బల్లపరుపు గుట్టలు వస్తాయి. ఫిబ్రవరికి టేకు ఆకు రాల్చేసి అడవి బూడిద రంగులో ఉంటుంది, అక్కడక్కడ మోదుగు పూలు తప్ప. ఆ ఎండిన గుట్ట మీద తాంబాళం లాంటి పల్లం ఒకటి, అందులో మాత్రం పచ్చటి గడ్డి. చెట్టన్నది లేదు. కాలు పెడితే పరుపు మీద నడిచినట్టు నేల అణిగి, కొంచెం అవతల ఉన్న గడ్డి కూడా ఊగేది. పార దింపితే నల్లగా, తేలికగా, పీచు పీచుగా ఉన్న మట్టి వచ్చింది. పిడికిట్లో పిండితే నీళ్లు కారిపోయి గడ్డి వేళ్లు మిగిలాయి. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండడం వల్ల చచ్చిన గడ్డి పూర్తిగా కుళ్ళకుండా పొర మీద పొర పేరుకుంటే అలా అవుతుంది. దాన్ని పీట్ అంటారని డిప్లొమాలో ఒక పేరా చదివాను. చల్లటి దేశాల కొండల మీద మైళ్ల పొడవునా ఉంటుందని అందులో రాసి ఉంది. ఇక్కడ కర్ర గుచ్చితే అంచుల్లో మోకాలి లోతు, నడుమ తొడ లోతు. మా బాపు నీళ్లు తోడిన బొగ్గు కూడా ఒకప్పుడు ఇలాంటి తడి నేలేనని నాకు అక్కడ తట్టింది.

లెవెల్ సరిచేసే లోపు చుట్టూ ఉన్నవి లెక్కపెట్టడం నా అలవాటు. గడ్డి మొదళ్లలో రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్కలు, వాటి ఆకుల మీద జిగురు చుక్కలు, ఆ జిగురుకు అతుక్కుని చచ్చిన దోమలు. తూనీగలు నాలుగు రకాలు. అరుపే తప్ప ఆకారం కనిపించని కప్పలు. మా తలల మీద తిరుగుతూ తిడుతున్న తీతువు జంట. ఎండిన మోడు మీద పాముగద్ద. ఒక అంచున అడవి పందులు దున్నినట్టు లేపిన మట్టి. పడమటి అంచున కణుజు, అంటే అడవిలో అన్నిటికన్నా పెద్ద దుప్పి, పొర్లాడిన బురద గుంట, దాని చుట్టూ గిట్టల గుర్తులు. ఎండాకాలంలో ఆ గుట్ట మీద వీటన్నిటికీ తడి దొరికేది ఆ ఒక్క చోటే.

తూర్పు అంచున పచ్చదనం తెగి ఉంది. పాత ఎడ్లబండ్ల బాట అక్కడ తడి నేలను దాటుతుంది. చక్రాల గాడి వానవానకూ కోసుకుపోయి మనిషి దిగేంత గండి అయింది. గండి పక్కన నల్ల మట్టి ఎండి, పగిలి, పెళ్లలుగా రాలుతోంది. నీళ్లు అందులోంచి గుట్ట అవతలి రాళ్లలోకి పోతున్నాయి. సగం కాలువ దానంతట అదే తయారై ఉంది కదా అని సున్నం గీత అక్కడి నుంచే మొదలుపెట్టాం.

శీను ఇంజను స్టార్టు చేశాడు. జైతుబాయి పాల డబ్బా కింద పెట్టి సారు దగ్గరికి వచ్చింది.

“గండి పూడ్వనీకె గింత పెద్ద బండి తెచ్చిండ్రా సారూ? మంచిగనే ఉన్నది. మట్టి యాడికెల్లి తెస్తరు?”

“పూడ్చుడు కాదమ్మా. గీ గండినే లోపల్దాక తీస్కపోతం. జాలు మొత్తం బాగైతది. వచ్చే వానకాలం జొన్న ఏసుకుందురు.”

“జాల్ల జొన్నా?” ఆమె పటేల్ వైపు తిరిగి గోండిలో ఏదో అంది. ఆయన నవ్వు ఆపుకున్నాడు.

“నీళ్లన్నీ ఎల్లగొట్టినంకనమ్మా.”

“ఎల్లగొడితే మేమేం తాగాలె? నీ బండిల డీజిల్ తాగాల్నా?”

సారు అర్జీ కాగితం తీసి చూపించారు. “మీరే గద రాసిచ్చిండ్రు, జాలు బాగ చెయ్యాలె అని.”

“ఔ. బాగ చెయ్యమన్నం. సంపుమనలే.”

పటేల్ నెమ్మదిగా అందుకున్నాడు. “ఇల్లు బాగ చెయ్యమంటె కూలగొడతరా సాబ్?”

సారుకు కోపం వచ్చింది. జాలుకు మూడు పంటలు పోగొట్టుకున్న ఇంటి నుంచి వచ్చిన తనకు జాలు అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర లేదన్నారు. జైతుబాయి తగ్గలేదు. “మీ దిక్కు జాలు పొలం మీదికొచ్చిందేమో సారూ. మా దిక్కు మేమే జాలు కాడికొచ్చినం. గిది ఉంటెనే మా బర్రెకు పాలు.”

అని, చెంగు నడుముకు దోపి, సున్నం గీత వెంబడి నడుచుకుంటూ వెళ్లి మోకాలి లోతు బురదలో నిలబడింది. “ఇగ తవ్వు తమ్మీ. నన్ను గూడ ఎల్లగొట్టు.”

శీను ఇంజను ఆపేశాడు. “ఆమె జరిగినా నేను పోను సార్. బండి దిగబడితే లేపనీకె ఇంకో బండి రావాలె, దాన్ని లేపనీకె ఇంకోటి.”

సారుకు నవ్వొచ్చింది. అక్కడి నుంచి మాటలు దారిలో పడ్డాయి. పటేల్ చెప్పిన విషయం ఇది. గూడెంలో బోరింగు ఉంది గానీ దాని నీళ్లు ఉప్పన, పప్పు ఉడకదు. తాగేది దక్షిణాన గుట్ట కింద రాళ్లలోంచి వచ్చే ఊట, అదే కింద వాగవుతుంది. గండి పడ్డాక వరసగా రెండు ఎండాకాలాలు ఆ ఊట ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. ఈ ఏడు కూడా ఆగితే పశువులతో గుట్ట దిగి ఎక్కడో ఒకచోట ఉండాలని గూడెంలో మాట్లాడుకుంటున్నారు. దిగిన ఇళ్లన్నీ తిరిగి ఎక్కుతాయన్న నమ్మకం ఆయనకు లేదు. అర్జీ అందుకే పెట్టారు.

సారు నన్ను పక్కకు పిలిచారు. “నువ్వు నమ్ముతవు, నేను నమ్ముత. డీఈ సారు నమ్మాలె గద. ఫైల్ల ఏం రాద్దాం?”

నా సంచిలో నీటిలో కరిగిన లవణాలు చూపే చేతి మీటరు ఉంది. మూడు చోట్ల నీళ్లు పట్టాం. తడి నేలలో లీటరుకు అరవై మిల్లీగ్రాముల లోపు. గుట్ట కింది ఊటలో ఎనభై. బోరింగులో ఆరువందలు దాటింది. ఊట నీళ్లకు తడి నేల నీళ్లకున్న లేత టీ రంగే ఉంది. లెవెల్‌తో చూస్తే తడి నేల అడుగు ఊట కన్నా చాలా ఎత్తున ఉంది. ఇది పూర్తి రుజువు కాదని నేనే రాశాను. కానీ అంత తేలిక నీరు రావడానికి ఆ గుట్ట మీద మరో తావు లేదు. ఊట ఎంత వస్తోందో కూడా రాయాలి కాబట్టి జైతుబాయి ఇత్తడి బిందె అడిగి తీసుకుని దాని కింద పెట్టి, ఫోనులో టైము చూశాను. నిండడానికి ముప్పై ఆరు సెకన్లు పట్టింది.

“బిందెకు పరుగు పందెం పెట్టినవా తమ్మీ?” అంది ఆమె. “గెలిస్తె ఏమిస్తవు?”

పని మార్చడం పని చేయడం కన్నా కష్టం. గ్రామసభ కొత్తగా తీర్మానం చేయాలి, పాత అంచనా రద్దు చేసి సవరించిన అంచనా పంపాలి, దాన్ని డీఈ ఒప్పుకోవాలి, అన్నీ మార్చిలోపే. కాలువ తవ్వుతామని చెప్పి కట్ట కడతామంటున్నారేమిటని డీఈ ఫోనులో గట్టిగానే అడిగారు. “మాట ఒకటే సార్, జాలులు రెండు,” అన్నారు మా సారు. కొలతల కాగితాలు తీసుకుని తానే వెళ్లి ఆయన ముందు కూర్చున్నారు. సవరించిన అంచనాలో పని పేరు దగ్గర ‘నివారణ’ కొట్టేసి ‘రక్షణ’ అని రాశారు. తడి నేలను రక్షించడానికి మా దగ్గర ధరల పట్టికలో పని లేదు. కాబట్టి ఉన్న పనుల్లోంచే ఏరుకున్నాం: గండిలో మూడు చోట్ల రాతి కట్టు, దాని ఎగువన మట్టి కట్ట, బండ్ల బాటను పై నుంచి మళ్లించడం, ఒక వైపు కంచె.

కంచె దగ్గర మళ్లీ గొడవైంది. బర్రెలు తొక్కితే మెత్తటి నేల విరుగుతుందని నేనన్నాను. “మా బర్రెలు తొక్కితె ఇరుగుతది, నీ జేసీబీ తొక్కితె ఇరగదా?” అంది జైతుబాయి. చివరికి ఉత్తరం మూల బర్రెలకు వదిలాం. కణుజు గుంట ఉన్న పడమటి అంచున కంచె వేయలేదు. జేసీబీ తడి నేలలోకి దిగకుండా బయటి నుంచి రాళ్లు చేరవేసింది. మార్చి మూడో వారానికి గండి మూసుకుంది.

ఆ తర్వాత మా ఆఫీసులో ఒక పద్ధతి మొదలైంది. నీటి గురించి ఏ అర్జీ వచ్చినా పని పేరు రాసే ముందు, రాసిచ్చినవాళ్లను అదే చోటికి తీసుకెళ్లి ఒక ప్రశ్న అడగాలి: ఈ నీళ్లు ఇక్కడ ఉండాల్నా, పోవాల్నా? సారు దీన్ని కొత్తగా వచ్చినవాళ్లందరికీ మొదటి రోజే చెప్పేవారు. ఒక మాట రెండు ఊళ్లలో రెండు పనులు అడుగుతుందని నేను నేర్చుకున్నది అక్కడే. డిప్లొమా పుస్తకాల్లో ఇందుకు సూత్రం లేదు, ఉండదు కూడా.

మే నెల ఆఖరు వారంలో కొలతల తనిఖీకి ఒక్కణ్ణే వెళ్లాను. ఉల్లంకులు లేవు, అవి చలికాలపు పిట్టలు, ఎప్పుడో వెళ్లిపోయాయి. మట్టి కట్ట ఎగువన పగిలిన నల్ల పెళ్లలు తిరిగి మెత్తబడి, వాటి సందుల్లో గడ్డి మొలిచింది. కణుజు గుంటలో గుర్తులు తాజాగా ఉన్నాయి. తీతువు జంట నన్ను మళ్లీ తిట్టింది, ఈసారి వాటి వెనక పిల్లలు రెండు. గూడెంలో ఇళ్లన్నిటి ముందూ పశువులు కట్టేసి ఉన్నాయి. జైతుబాయి నన్ను చూసి, ఇత్తడి బిందె తెచ్చి గుట్ట కింద ఊట దగ్గర పెట్టింది.

“పెట్టు నీ పందెం.”

బిందె నిండింది. నలభై ఒక్క సెకన్లు, ఫిబ్రవరి కన్నా అయిదే ఎక్కువ.