మంగళవారం కోసిన చీర

భయాన్ని జయించే వీరుల కథలంటే నాకు ఒళ్ళు మంట. పిల్లలు చదువుతుంటే ఊరుకుంటాను గానీ నాకు చూపించబోతే మాత్రం లేచిపోతాను.

డెబ్బైల చివర్లో మేము ధర్మవరంలో ఉండేవాళ్ళం. మట్టి మిద్దె, ఒకటే పెద్ద గది, అందులో సగం మగ్గానికే పోయింది. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసేవాడు. అమ్మ గోడవార కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. పట్టు మాది కాదు. షావుకారు ఇచ్చేవాడు, నేసిన చీర ఆయనకే పోయేది, మాకు కూలి దక్కేది. పట్టు చెడితే ఆ ఖరీదు మేమే కట్టుకోవాలి. ఇంట్లో పిల్లనంటే నేనొక్కదాన్నే.

అమ్మ తమ్ముడు హిందూపురం బస్టాండులో పండ్ల బండి పెట్టుకున్నాడు. ఆ మామ వచ్చినప్పుడల్లా నాకొక బొమ్మల పుస్తకం తెచ్చేవాడు. ఎవరో బస్సులో వదిలేసినవే, అయినా "దుడ్లు పెట్టి కొన్యాను మే, చింపితే చూడు" అని బడాయి పోయేవాడు.

ఒక ఏడాది వానాకాలంలో ఆయన తెచ్చిన పుస్తకం అంతరిక్ష వీరులది. ఏదో చచ్చిపోయిన గ్రహం మీద ఒక ఓడ కూలి, లోపల మనుషులు ఇరుక్కుపోయారు. వీరులు కాపాడడానికి దిగుతారు. అక్కడొక నల్ల పొగ. అందులో అడుగు పెట్టినవాడికి, తాను దేనికి ఎక్కువ భయపడతాడో అదే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఒకడికి పాము, ఒకడికి మంట. ఓడ నడిపే అమ్మాయికి ఒట్టి చీకటి. అందరూ వణుకుతారు, అయినా ఒక్కరూ వెనక్కి తిరగరు. అబ్బ, ఎంత బాగుండిందో! తిండి కూడా మరిచిపోయి చదివాను.

ఇక మా మిద్దె సంగతి. మట్టి మిద్దె కారకుండా ఏటా ఎండాకాలంలో పైన చౌడు పోయాలి. చౌడంటే ఉప్పు మట్టి, తడిస్తే బిగుసుకుని నీళ్ళను కిందికి దిగనివ్వదు. అయితే కొత్తది పోసే ముందు పాతది గీకి పారేయాలి, లేదంటే ఆ బరువు దూలాలు మోయలేవు. ఇది మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ మగ్గమున్న ఇళ్ళలో ఎవరూ గీకేవాళ్ళు కాదు. పైన గీకితే కింద మగ్గానికి కట్టిన పడుగు దారాల మీద దుమ్ము రాలుతుంది, పట్టు చెడుతుంది. మగ్గం విప్పి పక్కన పెట్టుకుంటే కూలి పోతుంది. అందుకని పాత చౌడు మీదే కొత్త చౌడు. నాయన కూడా అదే పని చేశాడు, ఏళ్ళ తరబడి.

జడివాన పట్టుకుంది. పట్టిన వాన పట్టినట్టే ఉంది. ఆ మంగళవారం పొద్దున నాయన చీర నేయడం ముగించాడు. ముదురు ఎరుపు, పెద్ద జరీ అంచు, పెనుకొండలో ఎవరింటి పెళ్ళికో. కానీ మా ఇంట్లో మంగళవారం నేసిన చీరను మగ్గం నుంచి కోయరు, అశుభమని. "రేప్పొద్దున కోద్దాంలే" అని చీరను మగ్గం మీదే వదిలేసి, మిద్దె మీద నీళ్ళు నిలిచాయేమో చూడ్డానికి బయటికి వెళ్ళాడు. నేను వాకిట్లో పంచ కింద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అమ్మ లోపల కండెలు చుడుతోంది.

ముందు ఏదో విరిగిన చప్పుడు. తర్వాత గోడవైపు మిద్దె దబ్బున కూలింది. దుమ్ములోంచి అమ్మ గొంతు వినబడింది, నాకు ప్రాణం లేచొచ్చింది, ఏడ్చేశాను. దూలం అడ్డంపడి ఆమె పాదం ఒక్కటే ఇరుక్కుంది. మాట్లాడుతోంది, నన్ను లోపలికి రావద్దని తిడుతోంది కూడా.

వీధి వీధంతా వచ్చి వాకిట్లో నిలబడింది. "ఏమప్పా, మిగిలింది గూడా ఊగుతాండాది, లోపలికి పోవద్దు" అని ఎవరో, పరుగెత్తుకొచ్చిన నాయన చెయ్యి పట్టుకున్నారు. నాయన విదిలించుకుని లోపలికి దూకాడు. నిజం చెప్పాలంటే ఆయనకు చావంటే భయం లేదు. ఆ క్షణంలో నా నాయన ముందు ఆ పుస్తకంలో వీరులందరూ దిగదుడుపే.

"ఏమయ్యా, ముందు చీర తియ్యి! తడుస్తాండాది!" అని అరిచింది అమ్మ.

నాయన అమ్మ వైపు వెళ్ళలేదు. మగ్గం దగ్గరికి వెళ్ళాడు. మంగళవారమని చూడకుండా బ్లేడుతో చీర కోశాడు, తన పంచె విప్పి అందులో దాన్ని చుట్టాడు, బయటికి వచ్చి నా చేతుల్లో పెట్టాడు. "మట్టి తగలనియ్యొద్దు మే" అన్నాడు. ఆయన చేతులు అప్పుడు వణుకుతున్నాయి, లోపలికి దూకేటప్పుడు వణకలేదు. ఆయన మళ్ళీ గడప దాటేలోపే మిగిలిన మిద్దె అమ్మ కాలి మీద పడింది.

ఆ అరుపు గురించి రాయను.

నల్ల పొగలో మా నాయనకు కనబడింది షావుకారు. ఆ బొమ్మలు గీసినవాడికి ఇట్లాంటి భయం ఒకటుంటుందని తెలిసుండదు. వాడి వీరులకు ఇల్లు లేదు, మగ్గం లేదు, పరాయి పట్టు లేదు.

మర్నాడు షావుకారు గొడుగేసుకుని వచ్చాడు. "చీరెట్లుండాదప్పా?" అన్నదే మొదటి మాట. నాయన "బాగుండాది సామీ" అన్నాడు. షావుకారు చీరను వెలుతురులో విప్పి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాకే అమ్మ ఏదని అడిగాడు.

అమ్మను పెనుకొండ దగ్గర ఎముకలు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. కట్టు విప్పాక కాలు వంకరగానే నిలిచింది. హిందూపురం నుంచి మామ అక్కడికే వచ్చాడు. అక్క కాలు చూడలేక, ఏం మాట్లాడాలో తోచక, "పుస్తకం సదివినావా మే? కడాకు అందర్నీ కాపాడినారా?" అని నన్నడిగాడు. కాపాడారని చెప్పాను. మళ్ళీ నాకు పుస్తకాలు తేవొద్దని కూడా చెప్పాను.

ఆ తర్వాత నాయనతో నేను సరిగా మాట్లాడింది లేదు. ఆయన పోయాక, ఎనభైల్లో ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. నిన్నట్లా వదిలేసి చీర తీసుకున్నాడే, నీకు కోపం రాలేదా అని అడిగాను.

"నేనే కదా మే తియ్యమనింది," అంది అమ్మ. "ఆయప్పనేం అంటావు? కాలు మనది. వంకరైనా మనింట్లోనే పడుంటాది. చీర ఊరోళ్ళది."

ఆ మాటంటూనే వంకర కాలును రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకుని, రాట్నం దగ్గరికి జరిగింది.