బతికినోడికి పెట్టిన ఎడ

ఎదురుగా ఒక మనిషి లేకుండా ఉచ్చంగెమ్మ ముద్ద ఎత్తేది కాదు. మధ్యాహ్నంపూట ఆమె ఇంటి ముందునుంచి ఎవరు పోతున్నా, "ఊట అయిందా? రా, కూచో" అని భోజనానికి పిలిచేది. పోస్టు ఇచ్చేవాడు, గాజులమ్మేవాడు, జనాభా లెక్కలకు వచ్చిన పంతులు, అందరూ ఆ గడపలో కూర్చుని ఆమె రాగిసంగటి తిన్నవాళ్ళే.

"ఒక్కరే తినేది రోగం పాపా" అనేది నాతో. "మందు లేదు దానికి."

ఆమె అలా అనడానికి కారణం మా అమ్మమ్మ ఊరు తారానగర్‌లో అందరికీ తెలుసు. ఆమె, భర్త హనుమప్ప మా తాత చేలో పని చేసేవాళ్ళు. గట్టుమీద ఇద్దరూ కలిసి తినేటప్పుడు హనుమప్ప మొదటి ముద్దను రెండుగా విరిచి, సగం ఆమె చేతిలో పెట్టి, ఆ తర్వాతే తాను తినేవాడట. కొడుకు హనుమేష్ పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడు ఒకరోజు ఆమె చోరనూరులో పుట్టింటికి పోయింది. ఆ మధ్యాహ్నం హనుమప్ప ఒక్కడే సద్ది విప్పుకున్నాడు. సాయంత్రం గొర్రెలవాళ్ళు చూసేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ముద్ద రెండుగా విరిచి ఉంది. ఒక సగం చేతిలోనే ఉంది. రెండో సగం పక్కన ఆకుమీద, ఆమె కూర్చునే చోట ఉంది.

గుండె ఆగిపోయిందన్నారు. తోడు లేక పోయినాడని ఉచ్చంగెమ్మ అంది.

మా వైపు మహాలయ అమావాస్యనాడు పోయినవాళ్ళ పేరున తట్టలో, అంటే కంచంలో, వడ్డించి, తలుపు చేరవేసి ఇంటిల్లిపాదీ బయట కూర్చుంటారు. పెద్దలు వచ్చి తింటారని నమ్మకం. కాసేపటికి తలుపు తీసి, ఆ తట్టలోదే ఇంట్లోవాళ్ళు తింటారు. దాన్ని ఎడ పెట్టడం అంటారు. ఉచ్చంగెమ్మ హనుమప్పకు ఒక్క ఏడూ ఎడ పెట్టలేదు. ఒంటరిగా పోయిన మనిషికి మళ్ళీ ఒంటరిగా తట్ట పెట్టి తలుపు మూయడానికి ఆమెకు మనసు రాలేదు.

తర్వాత గనుల కాలం వచ్చింది. మా తాత చేను సగం రోడ్డులో, సగం లారీలు నిలిపే మైదానంలో కలిసిపోయింది. పాత హద్దురాయి ఒకటి మాత్రం రోడ్డువారన ఒరిగి నిలబడింది. హనుమేష్ టిప్పర్ నడపడానికి పోయాడు. ఖనిజం నింపుకున్న బండ్లు రోజులకొద్దీ రోడ్డుమీదే ఉండేవి. అతను క్యాబిన్‌లో ఒక్కడే తినాలి.

ఉచ్చంగెమ్మకు నిద్ర పట్టింది కాదు. చివరికి తల్లీకొడుకులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. అతను డబ్బా మూత తీయగానే ఇంటికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆమె తన ఎదుట అతని తట్ట పెట్టి, ఫోను మోగి ఆగగానే ముద్ద ఎత్తాలి. ఆడ వాడు, ఈడ తను. ఎవరూ ఒంటరిగా తిన్నట్టు కాదు.

నేను ఎం.ఏ. పరీక్షలు రాసి అమ్మమ్మ సుభద్రమ్మ ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. పుస్తకం చేత్తో పట్టుకుని తినే అలవాటు నాది. మధ్యాహ్నం తన ఎదుట నేను తింటుంటే ఉచ్చంగెమ్మ అవ్వ ఆ పుస్తకం లాక్కుని పీటకింద పెట్టేది. భోంచేశాక కొడుకు తట్టమీద బుట్ట బోర్లించి, సాయంత్రం ఆ కూడు దూడకు వేసేది. ఒకరోజు తట్ట నేను తీశాను. నున్నగా చేసి పెట్టిన ముద్ద రెండుగా విరిగి ఉంది. ఒక సగం తట్ట అంచున, అవ్వ కూర్చునే వైపుకు జరిపి ఉంది.

"పిల్లి గానీ వచ్చిందేమో అవ్వా."

"తలుపు మూసినాం గదా. వాడే తిన్నాడులే." ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. హనుమేష్‌కు ముద్ద విరిచే అలవాటు లేదు.

ఆ ఏర్పాటు మొదలై అప్పటికి మూడు నెలలు. వైశాఖంలో రెండు రోజులు ఫోను మోగలేదు. తోరణగల్లు దారిలో ఏదో వంతెన కుంగి టిప్పర్లన్నీ మా ఊరి రోడ్డుదాకా నిలిచిపోయాయని తెలిసింది. రెండో రోజు మధ్యాహ్నం ఉచ్చంగెమ్మ తట్ట ముందు పెట్టుకుని, తాను తినకుండా, ఫోనువైపు చూస్తూ కూర్చుంది. పక్కింటి పున్నమ్మ మజ్జిగ ఇవ్వడానికి వచ్చి గడపలోనే ఆగింది.

"ఏంది వదినా, ఆ తట్ట ఎవురికి?"

"మా హనుమేష్‌కి. దినామూ పెడతాండా."

"మనిషి లేని తావులో తట్ట పెడితే దాన్నేమంటారు?"

ఉచ్చంగెమ్మ తట్టవైపు చూసింది.

"నా మొగునికి అట్ల పెట్టాలని నాకూ శానాసార్లు అనిపించినాది. ఆయప్ప బతికే ఉండాడు గదా అని ఊరుకున్యా." పున్నమ్మ తన మాటకు తానే నవ్వబోయి, ఉచ్చంగెమ్మ ముఖం చూసి ఆపేసింది. "బతికుండే బిడ్డకు ఎడ పెట్టినావు వదినా. మూడు నెల్లు."

పున్నమ్మే గొంతు తగ్గించి మళ్ళీ అంది. "పదిమంది చేతులు పడితే అది పంక్తి అవుతాది, ఎడ కాదు. కడాకు వాడు తినాల. ఆ తట్టలోదే."

ఉచ్చంగెమ్మ తట్టమీద గుడ్డ కప్పుకుని లేచింది. "వాని బండి నంబరు చదివేకి నువ్వు రా పాపా."

రోడ్డుమీద కనుచూపు మేరా లారీలే. ఒకదాని వెనక్కు ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. ఇంజన్లన్నీ ఆగిపోవడంతో అంత పెద్ద వరసలో చప్పుడన్నది లేదు. ఖనిజం దుమ్ము పడి బండ్లు, చెట్లు, మనుషులు అన్నీ ఒకే ఎరుపు. ఏ డ్రైవర్ ముఖం చూసినా హనుమేష్ ముఖంలాగే ఉంది. కళ్ళు మాత్రమే వేరు. నేను ప్రతి లారీ దగ్గరా చున్నీ కొసతో నంబరు పలక తుడిచి చదివి, "ఇది కాదవ్వా" అనేదాన్ని. ఆమె ఆ డ్రైవర్‌ను అడిగేది.

"ఊట అయిందా అప్పా? ఒక తునక తీసుకో. నా కొడుకు తట్ట ఇది."

ఎందుకని ఒక్కరూ అడగలేదు. కౌల్ బజార్ నుంచి వచ్చిన డ్రైవర్ సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్ళతో చేయి కడుక్కుని, బిస్మిల్లా అని చిటికెడు తీసుకున్నాడు. "నిన్నట్నించి డబ్బా విప్పలేదమ్మా. అకేలా, ఒక్కన్నే తినబుద్ధి కాదు. మా అమ్మీ అట్ల తింటే తిడతాది." ఒడిశా అతనికి తెలుగు రాదు. తట్టనూ ఆమెనూ చూసి చెప్పులు విడిచాడు. మెతుకంత నేలమీద పెట్టి, తర్వాత నోట్లో వేసుకున్నాడు. సేలం డ్రైవర్ తన బండి దిగి, "మా అమ్మ కాకిని పిలవకుండా తినదు. కాకి రాకపోతే పక్కింటామెను పిలుస్తుంది. ఆమె కాకికంటే బాగా అరుస్తుంది" అన్నాడు. ఆ రోజు ఉచ్చంగెమ్మ నవ్వింది అక్కడ ఒక్కచోటే. ఒక్కో ఊరివాడూ ఒక్కో మాట చెప్పాడు. చేయి కడగడం, కూర్చోవడం, ముందు ఎవరికో కొంచెం తీయడం మాత్రం అందరిదీ ఒకటే.

సేలం బండి దాటగానే మా హద్దురాయి కనిపించింది. దాని పక్కనే ఇంకో లారీ ఉంది. నేను పలక తుడిచాను. కింద ఎర్రదుమ్మే ఉంది. మళ్ళీ తుడిచాను. ఎంత తుడిచినా అంకె తేలలేదు.

"ఊట అయిందా అప్పా?" అని ఉచ్చంగెమ్మ క్యాబిన్‌వైపు తట్ట ఎత్తింది.

లోపల కూర్చున్న మనిషి నిలువునా ఎరుపు, కనురెప్పలతో సహా. చేయి కిందికి చాచి తట్టలో మిగిలినదంతా తీసుకున్నాడు. దాన్ని రెండుగా విరిచాడు. ఒక సగం తట్టలో, ఆమె వైపు అంచున పెట్టాడు. తర్వాత తన సగం తిన్నాడు. తొందరపడలేదు.

ఉచ్చంగెమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. "పద పాపా" అంది. వెనక్కు చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు.

ఇంకో రెండు బండ్ల తర్వాత హనుమేష్ నంబరు దొరికింది. అతను లారీ కింద నీడలో పడుకుని ఉన్నాడు. నిండు బండిని వదిలి ఇంటికి రాలేక అక్కడే ఉండిపోయాడు, నీళ్ళు అయిపోయి పెదవులు పగిలాయి. పిలిస్తే పలకడానికి కాసేపు పట్టింది. ఫోను చచ్చిపోయి జేబులోనే ఉంది. అవ్వ అతని తల ఒళ్ళో పెట్టుకుని, నా సీసాలో నీళ్ళు తాగించి, ఆ సగం ముద్ద నోటికి అందించింది.

"ఇంతేనామ్మా తెచ్చింది?"

"మీ నాయన తిన్నాక మిగిలింది ఇది. తిను."

"ఎండకు మతి చలించినట్టుండాది ఈయమ్మకు" అని నాతో అన్నాడు. అన్నా, చివరి మెతుకు వరకూ తిన్నాడు. అవ్వ అతని గొంతు కదలడం చూస్తూ కూర్చుంది. కాసేపటికి అతను లేచి కూర్చోగలిగాడు.

"ముందు పెద్దాయప్ప తిన్యాడు. తర్వాత వీడు. ఇప్పుడు సరిపాయె" అంది, పున్నమ్మకు చెప్తున్నట్టుగా.

తిరిగి వస్తూ హద్దురాయి దగ్గర ఆగాను. వరస ఒక్క అడుగు కూడా కదల్లేదు. సేలం లారీ ముక్కు ముందరి బండి వెనకభాగానికి ఆనుకుని ఉంది. మధ్యలో చేయి దూర్చడానికి సందు లేదు.

"ఇక్కడ ఇంకో బండి ఉండె కదా?" అని ఆ డ్రైవర్‌ను అడిగాను.

"నిన్నటినుంచి నా ముందు ఈ బండే. మీరు రాయి దగ్గర తట్ట ఎత్తి నిలబడ్డారు కదా, ఎవరికా అనుకున్నా."

అవ్వ ఇంటికి పోయి తట్ట కడిగి బోర్లించింది. మర్నాటినుంచి హనుమేష్‌కు తట్ట పెట్టలేదు. అతను కూడా ఎక్కడ బండి ఆపినా పక్క డ్రైవర్‌ను పిలిచి డబ్బా విప్పేవాడు.

ఆ ఏడు మహాలయ అమావాస్యకు నేను ఊరికి వచ్చాను. ఉచ్చంగెమ్మ మొదటిసారి హనుమప్పకు ఎడ పెట్టింది. సంగటి, చెనిక్కాయల చట్నీ, నంజుకోవడానికి పచ్చి ఎర్రగడ్డ. నేనూ హనుమేషూ పున్నమ్మా బయట అరుగుమీద కూర్చున్నాం. ఆమె రాలేదు. లోపలే ఉండి తలుపు మూసుకుంది. అలా ఎవరూ చేయరని పున్నమ్మ అంటూనే ఉంది.

లోపలినుంచి అవ్వ మాటలు వినిపించాయి. మధ్యలో ఆగేది, వింటున్నట్టు. మళ్ళీ మాట్లాడేది. చాలాసేపయింది. ఆకలేస్తోందని పున్నమ్మ తలుపు తీయబోయింది. హనుమేష్ ఆమె చేయి పట్టుకున్నాడు.

"ఉండు అత్తా. ఇంకా తింటాండారు."