బరకం

అరబ్బు దేశంలో, నయీమ్ అనే చోట మెకానిక్ బుల్లబ్బాయి ఇంజిన్ విప్పాడంటే పెళ్లి విస్తట్లో వడ్డించినంత వరస. షెడ్డు ముందు పాత లుంగీ పరిచి, విప్పిన వరసలోనే ముక్కలు పేర్చి, వాల్వుల్ని కోడిగుడ్ల అట్టలో నిలబెడతాడు. ఎవడైనా వాటిని దాటాడా, "కళ్లు నెత్తికెక్కాయేంట్రా?" అని కోనసీమ తెలుగులో విరుచుకుపడతాడు. ఆ చలికాలం, వానకి ఇంజిన్ల మీద కప్పే ఒక్క బరకాన్నీ కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న అరబ్బు యజమాని, ఎడారిలో తన షికారు గుడారానికి పట్టుకుపోయాడు. "మబ్బు పట్టిందండీ, ఇంజిన్ విప్పి ఉంది" అంటే, "ఇక్కడ వానేంటి భాయ్!" అని నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచేసింది. బుల్లబ్బాయి పళ్లు నూరుతూ సిలిండర్లకి గ్రీజు మెత్తాడు. వాల్వుల అట్టని చొక్కాలో దోపుకున్నాడు. భార్య కోసం పెట్టెలో దాచిన కొత్త రగ్గు తెచ్చి ఇంజిన్ మీద కప్పి, దాని ప్లాస్టిక్ సంచి చింపి పైన పరిచి, గాలికి లేవకుండా అంచు మీద కూర్చున్నాడు.

కఫీల్ కారాపి, అద్దం నాలుగు వేళ్లు దించి, "ఇంజిన్ తడిసిందా?" అని అరిచాడు.

బుల్లబ్బాయి లేవలేదు. గడ్డం మీంచి నీళ్లు కారుతుంటే తెలుగులోనే అరిచాడు.

"నీ గుడారానికి బరకం ఉంది. నీ ఇంజిన్‌కి మా ఆవిడ రగ్గుంది. ఇహ మిగిలింది నేనే. నాకు తుప్పు పట్టదులే, ఫో!"