ముఖం పొడి అమ్మేదాని ముఖం

టైడా దాటి అరకు వైపు ఎక్కే ఘాట్ రోడ్డు మలుపులో మా అంగడి. టార్పాలిన్ కింద ఒక బల్ల, దానిమీద తేనె, కుంకుడుకాయలు, పిప్పళ్ళు. అన్నిటికంటే ముందు వరసలో నేను ఇంట్లో కలిపే ముఖం పొడి. కస్తూరి పసుపు, పెసరపిండి, ఎండబెట్టిన నారింజ తొక్క, అంతే. మిగతాదంతా నా నోరు. మా అమ్మమ్మ ఈ పొడి రాసుకుని ముసలితనంలో కిరండూల్ పాసింజరెక్కితే టీసీ ఆమెకు అర టిక్కెట్టు కొట్టాడని చెబుతాను. నవ్వుకుంటూనే రెండు పొట్లాలు తీసుకుంటారు.

మొన్న చలికాలం, సరిగ్గా కార్లు బారులు తీరే రోజుల్లో, నా బుగ్గలమీద ఎర్రటి పొక్కులు లేచాయి. గడ్డం దాకా ఒకటే దురద. ఆదివారం దగ్గర పడుతోంది. ఈ సీజన్లో అమ్మిందే మాకు వానలదాకా ఆధారం. ముఖం పొడి అమ్మేదాని ముఖమే అలా ఉంటే ఎవరు కొంటారు?

మొదట నా పొడే రాశాను. దానిమీద నాకే నమ్మకం లేదనుకునేరు. మంట పెరిగింది. వేపాకు నూరి పట్టించాను. అది ఆరి బిగుసుకుపోయి నోరు తెరవడానికి లేకపోయింది. ఆ పూట ఇంట్లో అందరూ ప్రశాంతంగా అన్నం తిన్నారు. కలబంద గుజ్జు చల్లగానే ఉంది గాని, నాకు కావలసింది చల్లదనం కాదు, ఆదివారానికల్లా ముఖం. అందుకని నిమ్మరసం పూసుకుని ఎండలో కూర్చున్నాను. సాయంత్రానికి పొక్కులన్నీ కలిసిపోయి బుగ్గలు ఉబ్బాయి.

మా ఆయన చూసి, "ఏటే, ఎలుగ్గొడ్డుని ముద్దెట్టుకున్నావేటి?" అన్నాడు.

"అదే ఎట్టుకుంది. నానొద్దన్నాను."

ఆదివారం అంగట్లో మా పెద్ద తోడికోడల్ని కూర్చోబెట్టాను. ఆమెను అప్పా అని పిలుస్తాను. నాకంటే పెద్దదైనా ముఖం నున్నగా ఉంటుంది. అబద్ధం చెప్పడం మాత్రం ఆమెకు చేతకాదు. అది తెలిసే, "నువ్వేటీ సెప్పకప్పా. ఊరికే కూకో, సాలు" అన్నాను. ముఖానికి గుడ్డ కట్టుకుని వెనకాల పొట్లాలు కడుతూ కూర్చున్నాను.

విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకావిడ కారు దిగి అప్ప ముఖం వంక చూసింది.

"మీరు ఈ పొడే రాస్తారా అమ్మా?"

"నానేటీ రాయనమ్మా. సన్నీల్లతో కడుక్కుంటాను."

నేను గట్టిగా దగ్గాను.

"ఈ పొడి మా సెల్లి రాసుకుంటాది. అదిగో, ఎనకాల గుడ్డ కట్టుకుని కూకుంది సూడు."

ఆవిడ చూపించమంది. గుడ్డ దించక తప్పలేదు. ఎలుగుబంటి కథ నాలుక చివరే ఉంది గాని, అప్ప చెప్పనిస్తేగా.

"ముందు పొడి రాసింది, ఆ మీదట ఏపాకు, ఆ మీదట నిమ్మకాయ రాసుకుని ఎండలో కూకుంది."

ఆవిడ పొట్లం కింద పెట్టేసింది. వెనకాల నిలబడ్డవాళ్ళూ విన్నారు. ఆ సాయంత్రం పొట్లాలన్నీ తిరిగి ఇంటికి మోసుకెళ్ళాం.

దారిలో అప్ప అంది, "అది ముకమా, గోడా? పూత మీద పూత ఎట్టడానికి. అన్నీ మానెయ్యి."

మానేశాను. చన్నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. తగ్గకపోతే ఆస్పత్రికి పోదామనుకున్నాను గాని, మెల్లగా అదే తగ్గింది. మొదట ఆ పొక్కులు ఎందుకు లేచాయో ఇప్పటికీ తెలియదు.

పొడి అమ్మడం మానలేదు. అమ్మే తీరు మార్చాను, అప్పనీ అంగట్లోనే ఉంచుకున్నాను. చిటికెడు తడిపి మోచేతి మడతలో రాసి, "గుహలు చూసి రండి. ఎలాగూ ఇదే రోడ్డున దిగుతారు. ఎర్రబడకపోతే అప్పుడు కొనండి" అంటాను. కొందరు మరిచిపోయి హారన్ కొట్టుకుంటూ కిందికి పోతారు. కొందరు ఆగుతారు.

ఒకసారి అలా ఆగిన కారులోంచి ఒకావిడ చేయి చాపింది. మోచేతి మడత ఎర్రగా ఉంది. గుహలో గబ్బిలాల గాలి తగిలిందని అనబోయాను. అంతలో అప్ప సీసాలో నీళ్ళు వంపి ఆ చేయి కడిగేసింది.

"నీకిది పడదమ్మా. తేనట్టుకెల్లు."

ఆవిడ తేనె తీసుకుంది. వెనక సీట్లోంచి ఆవిడ అత్తగారూ ఆడపడుచూ పొడి రాయించుకున్న తమ చేతులు బయటికి చాపారు. అప్ప వంగి, వెలుతురుకి తిప్పి, రెండింటినీ బాగా పరికించింది.

"మీకు పర్లేదు" అంది.

నేను పొట్లాలు అందించాను.